తెడ్డూ, బెత్తమూ

1

ఒక మనిషి జీవితచరిత్రను విమర్శకుడు ఎట్లా చదవాలి? కావ్యానికి మనవాళ్ళు లక్షణాలు చెప్పారు, నాటకానికి చెప్పారు, నవలకు కూడా ఏవో కొన్ని చెప్పుకున్నాం. జీవితచరిత్ర దగ్గరికి వచ్చేసరికి మనకు రెండే పనులు తెలుసు. ఆ మనిషి నచ్చితే మెడలో దండ వేస్తాం, నచ్చకపోతే శవపరీక్ష చేస్తాం. అభ్యుదయ విమర్శకులమని చెప్పుకునే మనం కూడా ఈ అలవాటుకు అతీతులం కాము. సంస్కర్త అయితే దండ, సామ్రాజ్యవాది అయితే కత్తి. మరి ఒకే మనిషి సంస్కర్తా, సామ్రాజ్యవాదీ కూడా అయినప్పుడు మనం చెయ్యవలసిందేమిటి?

సిసిల్ ఎర్ల్ టిండేల్ బిస్కో జీవితం చదువుతున్నప్పుడు నాకు ఈ చిక్కు ఎదురైంది. ఆయన 1863లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డుషైరులో ఒక భూస్వామి కుటుంబంలో పుట్టాడు. కేంబ్రిడ్జిలో పడవపందేల మొనగాడు. 1890లో క్రైస్తవ మిషన్ తరఫున కాశ్మీరు వచ్చి, శ్రీనగరంలో బడిపంతులై, 1947 దాకా అక్కడే ఉన్నాడు. 1949లో దక్షిణ రొడీషియాలో చనిపోయాడు. ఆయన తన పని గురించి తానే రాసుకున్నాడు. వాటిలో "క్యారెక్టర్ బిల్డింగ్ ఇన్ కాశ్మీర్" 1920లోనూ, "కాశ్మీర్ ఇన్ సన్‌లైట్ అండ్ షేడ్" 1922లోనూ వచ్చాయి. ఆత్మకథ మరణానంతరం 1951లో అచ్చయింది. 2019లో ఆయన మనుమడు హ్యూ టిండేల్ బిస్కో "ది మిషనరీ అండ్ ది మహారాజాస్" అనే పేరుతో తాతగారి చరిత్రను సమగ్రంగా రాశాడు.

ఈ పుస్తకాలు ఎక్కడో కాశ్మీరులో ఒక దొరగారు నడిపిన బడిని గురించినవి కదా, మనకెందుకు అనే పాఠకుడు ఉండవచ్చు. కులాన్ని ఎవరు, ఎట్లా, ఏ ఆయుధంతో కదిలించగలరన్న ప్రశ్న ఈ పుస్తకాల నడుమ కూర్చుని ఉంది. అది మనది కాని ప్రశ్న కాదు.

2

ముందు ఈ మనిషి ఏ మట్టిలోనుంచి వచ్చాడో చూడాలి.

విక్టోరియా కాలపు ఇంగ్లండులో ఉన్నత వర్గాల పిల్లల బడుల్లో ఆట అంటే కాలక్షేపం కాదు, ఒక మతం. రగ్బీ బడిలో థామస్ ఆర్నాల్డు 1828 నుంచి 1842 దాకా నడిపిన పద్ధతినీ, దాన్ని ఆటలతో కలగలిపి థామస్ హ్యూస్ 1857లో రాసిన "టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్" నవలనూ ఆ తరం వేదంలా చదువుకుంది. కండబలం, క్రైస్తవ నీతి, సామ్రాజ్య పాలన ఈ మూడూ ఒకే కొమ్మకు కాసిన కాయలని వాళ్ళ నమ్మకం. మైదానంలో పదకొండుమందిని నడిపినవాడు రేపు ఒక జిల్లాను నడుపుతాడు.

బిస్కో పొట్టివాడు, తేలికైనవాడు. అందువల్ల పడవపందెంలో ఆయనకు దొరికిన చోటు చుక్కాని పట్టేవాడిది. ఎనిమిదిమంది తెడ్లు వేస్తారు. వాళ్ళ వీపులు గమ్యం వైపు ఉంటాయి. పడవ ఎటు పోతున్నదో వాళ్ళకు కనబడదు. ముందుకు చూస్తూ కూర్చునేవాడు ఒక్కడే. అతడు తెడ్డు ముట్టుకోడు, కేకలు వేసి లయ తప్పకుండా చూస్తాడు. 1884లో ఆక్స్‌ఫర్డు మీద గెలిచిన కేంబ్రిడ్జి పడవకు చుక్కాని పట్టినవాడు బిస్కోయే. ఆయన జీవితమంతా చదివిన తర్వాత నాకు అనిపించింది, ఈ మనిషి ఆ ఆసనం మీదనుంచి ఎన్నడూ పూర్తిగా లేవలేదని. తాను ముందుకు చూస్తున్నాడు, కాశ్మీరీలు వెనక్కి చూస్తున్నారు, కనుక కేక వేసే హక్కు తనది. ఇది ఆయన బోధనాశాస్త్రానికి మూలసూత్రం.

ఇప్పుడొక ముఖ్యమైన విషయం. ఆ రోజుల్లో ఇంగ్లండులో పడవపందేల్లో పాల్గొనటానికి "అమెచ్యూరు" అయి ఉండాలి. అమెచ్యూరు అంటే డబ్బు పుచ్చుకోకుండా ఆడేవాడు అని మనం అనుకుంటాం. హెన్లీ పందేల పెద్దలు 1879లో చేసిన నిర్వచనం అంతటితో ఆగలేదు. జీతానికి యంత్రాల పని చేసినవాడు, చేతివృత్తివాడు, కూలి చేసినవాడు అమెచ్యూరు కాడు. పందెంలో ఒక్క కాసు పుచ్చుకోకపోయినా సరే, కాడు. వడ్రంగి ఆదివారంనాడు సరదాగా తెడ్డు వేసినా అతడు మలినమైనవాడే. 1882లో ఏర్పడిన అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ ఇదే నియమాన్ని తలకెత్తుకున్నది.

దీనికి పైకి చెప్పిన కారణం, ఒళ్ళు వంచి పనిచేసేవాడి కండలకు అన్యాయమైన అనుకూలత ఉంటుందని. అసలు కారణం పడవ పక్కన పడవ నిలబెట్టవలసి రావటం. థేమ్సు నది మీద పడవ నడిపి పొట్టపోసుకునే జాలర్లూ సరంగులూ తరతరాలుగా పందేలు వేసుకుంటూనే ఉన్నారు. వాళ్ళకోసం పెట్టిన డాగెట్ పందెం 1715 నుంచి జరుగుతున్నది. ఆ విద్య వాళ్ళది. దొరలు దాన్ని నేర్చుకుని, నేర్పినవాడిని గట్టు మీద నిలబెట్టారు.

ఇది అన్యాయమని అక్కడే ఒకాయన తిరగబడ్డాడు. ప్రాచీన ఇంగ్లీషు గ్రంథాల పరిష్కర్తగా పండితలోకానికి తెలిసిన ఎఫ్. జె. ఫర్నివాల్ 1890లో కూలివాళ్ళను కూడా చేర్చుకునే వేరొక సంఘం ఏర్పడటానికి నాయకత్వం వహించాడు. ఎంత ప్రయత్నించినా పాత సంఘం చాలాకాలం చెక్కుచెదరలేదు. 1936లో ఆస్ట్రేలియా ఒలింపిక్ జట్టు హెన్లీకి వస్తే, వాళ్ళు పోలీసులు కనుక కూలిపనివాళ్ళ లెక్కలోకి వస్తారని పందెంలోకి రానివ్వలేదు. ఆ గొడవ తర్వాతనే, 1937లో, ఆ నియమం పోయింది.

ఫర్నివాల్ ఇంగ్లండులో పడవలోని కులంతో పోట్లాడుతున్న ఆ 1890వ సంవత్సరంలోనే, ఆ కులవ్యవస్థలో పుట్టి పెరిగిన బిస్కో కాశ్మీరులో దిగాడు. దిగి, బ్రాహ్మణుల పిల్లలు తెడ్డు ముట్టుకోవటం లేదని ఆశ్చర్యపోయాడు!

3

కాశ్మీరీ పండితుల పిల్లలు తెడ్డు ముట్టుకోకపోవటానికి కారణం తేలికగానే అర్థమవుతుంది. జీలం నది మీదా, దాల్ సరస్సు మీదా పడవలు నడిపేవాళ్ళు హంజీలు. తెడ్డు పట్టుకుంటే హంజీ అంటారు. గుమాస్తాగిరీ, పట్వారీగిరీ వంశపారంపర్యంగా చేసే ఇంట పుట్టిన కుర్రవాడికి అంతకు మించిన అవమానం లేదు. బిస్కో బడిలో మొదటి సంవత్సరాల్లో చేరినవాళ్ళు ఎక్కువమంది ఈ వర్గం పిల్లలే. వాళ్ళు పాదాలదాకా వేలాడే ఫిరన్లు తొడుక్కుని, లోపల నిప్పుల కాంగ్రీలు పెట్టుకుని, పరీక్షలు ప్యాసై ఉద్యోగాల్లో చేరటానికి వచ్చేవారు. వాళ్ళను చూసి బిస్కోకు కలిగిన మొదటి భావం, ఇవి మనుషులు కావు, గుడ్డమూటలు అని.

1891లో ఆయన ఒక తోలుబంతి తెచ్చాడు. ఫుట్‌బాల్. ఆ కథ ఆయన రాతల్లో అన్నిటికన్న పేరుపొందినది. బంతి దేనితో చేశారని పిల్లలు అడిగారు, తోలుతో అని ఆయన చెప్పాడు. అయితే ముట్టుకోమన్నారు. సాయంత్రం ఉపాధ్యాయులకు కర్రలు ఇచ్చి పిల్లల్ని మందలా మైదానానికి తోలించాడు. ఊరివాళ్ళు చుట్టూ మూగి చూస్తున్నారు. ఆట మొదలుపెట్టమంటే ఎవరూ కదలలేదు. ఆయన గడియారం చూసి కొన్ని నిమిషాల గడువు ఇచ్చాడు. గడువు దాటగానే కర్రలు లేచాయి. కుర్రవాళ్ళు భయంతో బంతిని తన్నారు. ఆ తొక్కిసలాటలో బంతి ఒక కుర్రవాడి మొహానికి తగిలింది. మైలపడ్డానని వాడు ఏడిచాడు. కాలవలో మొహం కడిగించి తీసుకురమ్మన్నాడు బిస్కో. తీసుకొచ్చారు. ఆట సాగింది.

చెప్పినవాడికి ఇది హాస్యకథ. బాగా చెప్పాడని కూడా ఒప్పుకోవాలి. గాలిలో ఎగిరే ఫిరన్లు, బురదలో ఊడిపోయే చెప్పులు, చేతులెత్తి శాపనార్థాలు పెట్టే జనం కళ్ళకు కట్టినట్టు కనబడతారు. కాని కథకుడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడన్నది విమర్శకుడు అడగవలసిన మొదటి ప్రశ్న. ఈయన కర్ర పట్టుకున్నవాడి పక్కన నిలబడి చెబుతున్నాడు. మొహానికి బంతి తగిలిన కుర్రవాడి లోపల ఏం జరిగిందో కథలో లేదు. ఇంటికి వెళ్ళాక వాడికి అన్నం పెట్టారా, గుమ్మం బయట నిలబెట్టారా?

ఇంకొక మనిషి కూడా ఆ కథలో లేడు. తోలుకు అంటు ఉన్నదంటే, అది గొడ్డునుంచి వచ్చినందువల్ల మాత్రమే కాదు. దాన్ని ఒలిచి, ఊనపెట్టి, కుట్టిన చేతులకు మనం అంటగట్టిన అంటు అది. ఎన్నిసార్లు చెప్పినా ఆ కథలో బంతి ఉంటుంది, బంతి కుట్టినవాడు ఉండడు. తోలుపని చేసేవాడిని మన సాహిత్యం కూడా చాలాకాలం గుమ్మం బయటనే ఉంచింది. 1941లో జాషువా "గబ్బిలం"లో అరుంధతీసుతుణ్ణి కథానాయకుణ్ణి చేసేదాకా ఆగవలసి వచ్చింది. తోలును ముట్టించటం ఒక పని, తోలుపనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవటం వేరొక పని. బిస్కో మొదటిది సాధించి రెండోది కూడా సాధించానని అనుకున్నాడు.

4

ఈ సందర్భంలో నా స్వంత గొడవ ఒకటి చెప్పక తప్పదు. విమర్శలో స్వంత గొడవ ఎందుకని పాఠకులు విసుక్కోవద్దు. బిస్కోను నేను తూచే తూనిక ఎక్కడిదో మీకు తెలియాలి కదా.

మా ఊరి హైస్కూల్లో చెడుగుడు ఆడించేవారు. కూతకు వచ్చినవాణ్ణి పట్టుకోవాలి. మాదిగపల్లెనుంచి వచ్చే ఒక కుర్రవాడు కూతకు వస్తే నేను పక్కకు తప్పుకునేవాణ్ణి. ఆటలో తప్పుకున్నట్టు నటించేవాణ్ణి గాని, అసలు సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. డ్రిల్లు మాష్టారు కూడా ఒకనాడు కనిపెట్టారు. "వాడేమన్నా తేలట్రా?" అని అడిగి అరచేతుల మీద బెత్తంతో నాలుగు వడ్డించారు. మర్నాటినుంచి పట్టుకున్నాను. పట్టుకుని, ఇంటికి వెళ్ళి, నాయనమ్మ చూస్తుండగా నూతి దగ్గర బట్టలతో స్నానం చేసి లోపలికి వెళ్ళేవాణ్ణి. ఇట్లా రెండేళ్ళు జరిగింది. మాష్టారి బెత్తం నా చేతుల్ని మార్చింది, నూతి దగ్గరి స్నానాన్ని మార్చలేదు.

ఆ స్నానం పోయిన రోజు నాకు బాగా జ్ఞాపకం. తాలూకా పోటీలకు వెళ్ళి తిరిగి వస్తుంటే బస్సు తప్పిపోయింది. ఏడుగురం రోడ్డు పక్క చింతచెట్టు కింద కూర్చున్నాం. మొత్తం అందరి దగ్గరా కలిపి ఒక్క పులిహోర పొట్లం ఉంది. దాన్ని ఏడు భాగాలు చేసి పంచినవాడు అతనే, ఎందుకంటే మా జట్టు నాయకుడు అతనే. ఆ రోజు పోటీలో మూడుసార్లు మమ్మల్ని ఓటమినుంచి బయటపడేసినవాడూ అతనే. ఎవరి చెయ్యీ ఎవరూ చూడలేదు. తెల్లవారి ఇంటికి వెళ్ళినప్పుడు నూతి దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. ఆ రాత్రి మా దగ్గర బెత్తం పట్టుకున్నవాడెవడూ లేడు.

ఇక్కడితో ఆపితే ఇది నీతికథ అవుతుంది. తర్వాతిది కూడా చెప్పాలి. ఎస్.ఎస్.ఎల్.సి. కాగానే నేను కాలేజీకి వెళ్ళాను. అతను ఒక మోతుబరి దగ్గర పాలేరుగా కుదిరాడు. మైదానంలో మా ఇద్దరికీ మధ్య ఉన్న గీత చెరిగింది. పొలంగట్టు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

5

ఈ తూనికతో చూస్తే బిస్కో బడిలో రెండు విద్యలు పక్కపక్కన నడిచినట్టు కనబడుతుంది. ఒకటి బెత్తం విద్య. ఫుట్‌బాల్ కథ దానిది. రెండోది తెడ్డు విద్య. ఇది నెమ్మదిగా, సంవత్సరాల తరబడి సాగింది. ఆయన గొప్పతనమంతా దీనిలో ఉంది.

శ్రీనగరం నీటిమీద బతికే ఊరు. అటువంటి ఊళ్ళో ఈత రాని పిల్లలు ఏటా మునిగి చనిపోయేవారు. బిస్కో ఒక నిబంధన పెట్టాడు. ఒక వయసు దాటాక ఈత రానివాడికి బడి జీతం ఏటేటా పెరుగుతుంది. పండితుల తల్లిదండ్రులకు మతం ఎంత ముఖ్యమో జీతం డబ్బులూ అంతే ముఖ్యం. పిల్లలు ఈదటం నేర్చుకున్నారు. దాల్ సరస్సును అడ్డంగా ఈదారు. ఊలార్ సరస్సును ఈదారు. తర్వాత మునిగిపోతున్నవాళ్ళను గట్టుకు లాగటం ఆ బడి పిల్లలకు అలవాటైంది. ఎంతమందిని కాపాడారో బడి ఏటా లెక్క రాసుకునేది. 1893లోనూ, 1903లోనూ జీలం పొంగి ఊరు మునిగినప్పుడు పిల్లలు పడవలు వేసుకుని వెళ్ళి, మిద్దెల మీద చిక్కుకున్నవాళ్ళను దించారు. ఇళ్ళు తగలబడితే నీళ్ళు మోశారు. కలరా వచ్చినప్పుడు పారలు పట్టుకుని వీధుల్లోని మురికి ఎత్తారు. మిషన్ ఆసుపత్రిలో కోలుకుంటున్న రోగుల్ని పడవల్లో ఎక్కించుకుని సరస్సు మీద గాలికి తిప్పి తెచ్చారు.

పార పట్టుకుని మురికి ఎత్తిన బ్రాహ్మణ బాలుడు 1890ల భారతదేశంలో చిన్న విషయం కాదు. దాన్ని చిన్నది చెయ్యటం విమర్శ కాదు, అసూయ.

ఆయన మార్కుల పద్ధతి కూడా గమనించదగ్గది. పుస్తకాల చదువుకు మూడో వంతు మార్కులే ఇచ్చేవాడు. తక్కిన రెండు వంతుల్లో ఒకటి శరీరానికి, ఒకటి నడవడికకు. నడవడిక అంటే తోటివాళ్ళ పట్ల, ఊరి పట్ల ఎట్లా మెలిగాడన్నది. పరీక్ష ప్యాసవటం, నౌకరీ సంపాదించటం తప్ప చదువుకు వేరే అర్థం లేని దేశంలో ఇది పెద్ద సాహసం. మన విజయనగరంలో "కన్యాశుల్కం" మొదట రంగస్థలం ఎక్కింది 1892లో, అంటే ఆ తోలుబంతి శ్రీనగరం చేరిన మరుసటి సంవత్సరం. ఇంగ్లీషు చదువు ఏ రకం సరుకును తయారు చేస్తున్నదో గిరీశం ద్వారా గురజాడ చూపించాడు. నాలుక తప్ప మరే అవయవమూ పనిచెయ్యని చదువు అది. బిస్కో అదే రోగాన్ని ఇంకొక మూలనుంచి చూశాడు.

అన్నిటికన్న నన్ను ఆకట్టుకున్నది బడి చిహ్నం. అందులో ఉన్నవి ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు తెడ్లు. అవి కేంబ్రిడ్జి తెడ్లు కావు. హృదయాకారంలో అలుగు ఉండే కాశ్మీరీ తెడ్లు, హంజీల తెడ్లు. ఇంగ్లండులో నదిమీద బతికేవాణ్ణి గట్టు మీద నిలబెట్టిన సంఘంనుంచి వచ్చినవాడు, ఇక్కడ నదిమీద బతికేవాడి పనిముట్టును బడి గుండెల మీద పెట్టాడు. తన దేశంలో చెయ్యని పనిని పరాయిదేశంలో చేశాడు. ఎందుకు చెయ్యగలిగాడు? ఇక్కడ పండితుడూ హంజీ ఇద్దరూ ఆయనకు కిందివాళ్ళే కనుక. ఇద్దరినీ ఒకే పడవలో ఎక్కించటంవల్ల ఆయన ఆసనానికి వచ్చే నష్టమేమీ లేదు. పాలకుడి సమదృష్టికి ఈ సౌకర్యం ఉంది. కాని కారణం ఏదైనా, తెడ్డు పట్టిన పండితుల కుర్రవాడి చేతులు మాత్రం నిజంగా కాయలు కాశాయి.

6

ఇక ఆయన చూడనిదేమిటో చూద్దాం.

బడి నినాదానికి అర్థం, అన్ని విషయాల్లోనూ మగవాళ్ళై ఉండండి అని. కాశ్మీరీల్లో మగతనం లేదన్నది దానికి పూర్వపక్షం. బెంగాలీల గురించి మెకాలే చెప్పినదీ ఇదే. ఒక జాతిని లొంగదీసుకుని, తర్వాత దానికి వెన్నెముక లేదని ఎగతాళి చెయ్యటం సామ్రాజ్యాలకు పాత అలవాటు.

కాశ్మీరీల వెన్నెముక ఎవరు విరిచారు? 1846లో అమృతసర్ ఒప్పందం ప్రకారం ఇంగ్లీషువాళ్ళు ఆ లోయను 75 లక్షల రూపాయలకు గులాబ్ సింగుకు అమ్మారు. పొలాలతో, సరస్సులతో, వాటిమీద బతికే మనుషులతో సహా అమ్మారు. ఆ తర్వాత డోగ్రా పాలనలో రైతు పంటలో సగానికి పైగా పోగొట్టుకున్నాడు. బేగారు కింద పట్టుకుపోయి గిల్గిట్ కొండదారుల్లో బరువులు మోయిస్తే దారిలోనే ఎంతోమంది రాలిపోయారు. ఆ గిల్గిట్ దండు ఎవరికోసం? రష్యావాడు వస్తాడేమోనన్న ఇంగ్లీషువాళ్ళ భయంకోసం. 1889 నుంచి అక్కడ భూమి సెటిల్‌మెంటు చేసిన వాల్టర్ లారెన్స్ కూడా తన "వ్యాలీ ఆఫ్ కాశ్మీర్"లో ఈ దుర్భరస్థితిని దాచలేదు. ఆ పుస్తకం 1895లో వచ్చింది.

బిస్కోకు ఇది తెలియదా? తెలుసు. లంచగొండి అధికారులంటే ఆయనకు మంట. బీదవాణ్ణి కొట్టే సిపాయిని అడ్డుకోమని పిల్లలకు నేర్పాడు. జంతువుల్ని హింసించేవాణ్ణి కూడా అడ్డుకోమన్నాడు. కాని ఆయన దృష్టిలో ఇదంతా శీలానికి సంబంధించిన లోపం. అధికారి చెడ్డవాడు కనుక లంచం తింటున్నాడు, రైతు పిరికివాడు కనుక దెబ్బలు తింటున్నాడు. ఇద్దరికీ శీలం నేర్పితే లోకం బాగుపడుతుంది. వ్యవస్థ అనే మాటకు ఆయన నిఘంటువులో చోటులేదు. పడవ సరిగ్గా పోవటంలేదంటే తెడ్లు వేసేవాళ్ళు సరిగ్గా వెయ్యటంలేదని ఆయన అర్థం. పడవ ఎవరిదని ఆయన అడగలేదు.

ఆయన ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలోనే కాశ్మీరీలు ఆ ప్రశ్న అడిగారు. 1931 జులై 13న శ్రీనగరం జైలు ముందు మహారాజు సిపాయిల తుపాకులకు 20 మందికి పైగా బలైపోయారు. 1932లో షేక్ అబ్దుల్లా ప్రభృతులు ముస్లిం కాన్ఫరెన్సు పెట్టారు. 1939లో అది మతభేదం లేని నేషనల్ కాన్ఫరెన్సు అయింది. 1944లో "నయా కాశ్మీర్" ప్రణాళిక వచ్చింది, 1946లో క్విట్ కాశ్మీర్ ఉద్యమం వచ్చింది. 1950లో పెద్ద భూస్వామ్యాల రద్దు చట్టం రైతుకు భూమి ఇచ్చింది. బిస్కో వెన్నెముక లేదన్న జనం వాళ్ళు. వాళ్ళకు వెన్నెముక ఫుట్‌బాల్ నేర్పలేదు.

మరొకవైపు, ఆయన్ను వట్టి మతప్రచారకుడని కొట్టిపారెయ్యటమూ తప్పే. లండనులోని మిషన్ పెద్దలు ఎంతమంది క్రైస్తవులయ్యారని లెక్క అడిగితే, ఆయన దగ్గర చూపటానికి పెద్ద లెక్క లేదు. ఆ విషయంలో వాళ్ళకూ ఆయనకూ ఏళ్ళ తరబడి పడలేదు. మతం మార్చటంకన్న మునిగేవాణ్ణి బయటికి లాగటం ముఖ్యమని ఆయన నమ్మాడు. 1905లో అనీ బెసెంటు ప్రోద్బలంతో శ్రీనగరంలో హిందూ కళాశాల వెలిసి, పండితుల పిల్లలకు మరొక దారి చూపించింది. పదేళ్ళకు, 1915లో, ఆమే మన మదనపల్లెలో కళాశాల పెట్టింది. పోటీ వచ్చినా బిస్కో బడి నిలిచింది. 1912లో ఆ మిషన్ తరఫునే మిస్ ఫిట్జ్ ఆడపిల్లల బడి తెరిచింది. "మగవాళ్ళై ఉండండి" అన్న నినాదం ఆ బడి గుమ్మం దగ్గర ఎంత అర్థవిహీనమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

7

వితంతు వివాహాల విషయంలో కూడా బిస్కో పాటుపడ్డాడు. ఇక్కడ మన వీరేశలింగం జ్ఞాపకం రాక మానడు. వీరేశలింగం కూడా బడిపంతులే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహానికి కండబలం ఇచ్చినవాళ్ళు ఆయన విద్యార్థులే. ఇద్దరూ మొండివాళ్ళే, ఇద్దరూ ఊరిని ఎదిరించినవాళ్ళే. కాని ఒక తేడా ఉంది. వీరేశలింగం బహిష్కారాన్ని తన నెత్తిమీద వేసుకున్నాడు. పురోహితుడు రాకపోతే, నీళ్ళు మోసేవాడు మానేస్తే, బాధపడింది ఆయన ఇల్లు. ఆయన విద్యార్థుల్ని కర్రలతో తోలలేదు. వాళ్ళు ఆయన పడే కష్టం చూసి వెంట నడిచారు. బిస్కో వెనక రెసిడెంటు ఉన్నాడు, సామ్రాజ్యం ఉంది. ఫుట్‌బాల్ ఆడిన సాయంత్రం వెలిపడే ప్రమాదం పిల్లలకే గాని ఆయనకు లేదు.

కనుక నా తీర్పు ఇది. సంస్కరణను తూచటానికి సంస్కర్త ధైర్యం ఒక్కటే చాలదు, దాని మూల్యం ఎవరు చెల్లించారో కూడా తూచాలి. అంతకన్న ముఖ్యంగా, సంస్కరణకు గురైనవాడు చివరికి కర్త అయ్యాడా, కర్మగానే మిగిలిపోయాడా అని చూడాలి. ఫుట్‌బాల్ కథలో కుర్రవాడు కర్మ. అతన్ని తోలారు, ఆడించారు, కడిగించారు. వరదనాటి కథలో అదే కుర్రవాడు కర్త. పడవ అతనిది, తెడ్డు అతనిది, ఏ మిద్దె దగ్గరికి ముందు పోవాలో నిర్ణయించేది అతనే. బిస్కో పుస్తకాలు మొదటి కథను తమ విజయపతాకగా ఎగరేశాయి. అసలు విజయం రెండో కథలో ఉందని గ్రహించటానికి ఆయన మనుమడి కాలందాకా ఆగనక్కరలేదు. ఆ పుస్తకాలే జాగ్రత్తగా చదివితే చాలు.

ఇంత దూరం వచ్చాక ఒక మాట మనలో మనం అనుకోవాలి. బెత్తం మీద మోజు దొరలకు మాత్రమే పరిమితం కాదు. జనం వెనక్కి చూస్తున్నారు, మనం ముందుకు చూస్తున్నాం, కనుక కేక వెయ్యటం మన వంతు అనే భ్రమ అభ్యుదయవాదుల్లోనూ బలంగా ఉంది. మనలో ఎంతమందిమి చుక్కాని దగ్గర కూర్చుని, తెడ్డు ముట్టుకోకుండా, లయ తప్పిందని జనాన్ని కోప్పడుతున్నామో లెక్క తీస్తే సిగ్గుపడవలసి వస్తుంది. మన రచనల్లో ఎన్ని "గుడ్డమూటలు" ఉన్నాయో, మొహానికి బంతి తగిలి ఏడుస్తూ లోపల ఏమనుకున్నారో మనం రాయని పాత్రలు ఎన్ని ఉన్నాయో ఒకసారి తిరగేసి చూసుకుందాం.

ఆ బడి ఇప్పటికీ శ్రీనగరంలో ఆయన పేరుతోనే నడుస్తున్నది. బెత్తం ఆయన కాలంతో పోవలసింది, పోనిద్దాం. ఆ అడ్డంగా పెట్టిన రెండు తెడ్లు మాత్రం ఉండవలసినవే. అయితే ఆ తెడ్లు మొదట ఎవరి చేతుల్లోవో ఆ పిల్లలకు ఎవరైనా చెప్పాలి.